కల్లంలో పోసిన నక్ష

మా ఊరి పక్కనుంచి కొత్త రోడ్డు పోతుందట. మొన్న పొద్దున కొలిచేవాళ్ళు వచ్చి, మూడు కాళ్ళ యంత్రం నిలబెట్టి, చేల వెంట సున్నప్పొడి పోస్తుంటే ఆ వాసన నా ముక్కుకు తగిలింది. సున్నం వాసన వేరేవాళ్ళకు పెళ్ళి ఇళ్ళను, పండుగ గోడలను గుర్తుచేస్తుందేమో. నాకు మాత్రం రంగు వెలిసిన టోపీ పెట్టుకుని, ఒక కన్ను మూసి దూరం చూసే మనిషి గుర్తొస్తాడు. ఆయన పేరు కుర్మయ్య. ఊరు పిలిచింది మిలిట్రీ కుర్మయ్య అని. నేను అన్నా అని పిలిచేదాన్ని. మాకు చుట్టరికం లేదు. కానీ నెత్తి మీద తెల్లవెంట్రుకలు వచ్చాక నాకు అక్షరం పట్టించినవాడు ఆయనే. అందుకే ఈ నాలుగు ముక్కలు. నాకు తియ్యగా రాయడం రాదు, ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

సైన్యంలో కుర్మయ్యన్న తుపాకీ కంటే పెన్సిల్ ఎక్కువ పట్టాడు. నక్షలు గీసే దళం ఆయనది. మంచుకొండలెక్కి, ఇసుక దిబ్బల్లో తిరిగి, ఏ వాగు ఎక్కడ దాటవచ్చు, ఏ బాట మీద కంచర గాడిదలు నడుస్తాయి, ఏ మలుపు దగ్గర నీళ్ళు దొరుకుతాయి, ఇదంతా కాగితం మీదికి తేవడం ఆయన కొలువు. కొలువు ముగించుకుని బిజినేపల్లి దగ్గరి మా ఊరికి వచ్చేసరికి, ఊరంతటికీ తెలిసిన దారి ఒక్కటే. మిలిట్రీ నుంచి వచ్చినవాడు ఎక్కడో ఒకచోట గేటు దగ్గర నిలబడాలి. బావమరిది మాట చెప్పి వనపర్తిలో ఒక గోదాము కావలి ఇప్పించాడు. ఒకనాడు నేను అక్కడికి మిరపనారు కోసం పోయి, గేటు పక్కన స్టూలు మీద నీలం బట్టల్లో కూర్చున్న ఆయనను చూశాను.

“ఏందన్నా, గిట్ల గూసున్నవ్?”

“లారీ వస్తే గేటు తీస్త, పోతే ఏస్త. గదే డ్యూటీ చెల్లె.”

“మంచిదే గదా. నీడ పట్టున ఉన్నవ్.”

ఆయన చేతిలోని పుల్లతో దూరంగా చూపించాడు. “అగో, ఆ గుట్ట కనబడ్తుందా? పొద్దుగాల్ల సంది దాని ఎత్తెంతుంటదా అని చూస్తున్న. ఎవ్వడు అడుగుతలేడు. అయినా కండ్లు ఊకుంటలేవు.”

ఆ మాట నవ్వుతూ అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు. కాడి మెడ మీద లేకపోయినా, దుక్కికి అలవాటైన ఎద్దు చాలు వెంటే నడుస్తుంది. అలా ఉంది ఆయన చూపు.

కొన్నాళ్ళకు ఆ నీలం బట్టలు వాళ్ళకు తిరిగిచ్చేసి వచ్చాడు. శిక్షణకు పోయాడు, పరీక్ష రాశాడు, భూములు కొలిచే లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆయన భార్య రాములమ్మ వాకిట్లో కూర్చుని అందరికీ చెప్పుకుంది. “పింఛనొస్తది, గేటు కాడ జీతమొస్తది, కడుపుల చల్ల కదలకుండ బతకొచ్చు. మా ఆయనకు ముండ్లల్ల తిరుగుడే ఇష్టమాయె!” చివరికి భార్యాభర్తలు ఒక మాట మీదికి వచ్చారు. ఈ పని నిలబడకపోతే హైదరాబాదులో పెద్ద భవనం దగ్గర బావమరిది చూసిపెట్టిన కావలికి మారు మాట్లాడకుండా పోవాలి. అట్లా పోతే ఆయన మళ్ళీ పెన్సిల్ పట్టడని రాములమ్మకూ తెలుసు. ఆ భయాన్ని కప్పుకోవడానికే అంత గట్టిగా మాట్లాడేది.

ముళ్ళకంప కొట్టడానికి, జెండాకర్ర పట్టుకుని నిలబడడానికి నన్ను కూలికి పిలిచాడు. మొదటి రోజే గొడవ. ఆయన ఆ చివర నుంచి “సీధా! కదలకు! దాయే! దాయే!” అని అరిచేవాడు. నాకు ఆ భాష తెలియదు. ఎండ మాడుస్తోంది, కాలికింద పల్లేరు కాయలు. కర్ర అక్కడే పడేసి ఆయన దగ్గరికి నడిచిపోయాను.

“నేనేమన్న నీ సిపాయినా? కుడిదిక్కు జరుగు చెల్లె అంటే నీ నోట్లె ముత్యాలు రాల్తయా?”

ఆయన యంత్రం మీద నుంచి తల ఎత్తి నన్ను చూశాడు. తర్వాత ఎంత నవ్వాడంటే టోపీ కింద పడింది. మరుసటి రోజు నుంచి “చెల్లె, జర కుడిదిక్కు” అనేవాడు. ఆజ్ఞాపించడం తప్ప తెలియని నోటికి ఆ ‘జర’ అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది.

అసలు దెబ్బ బుడ్డన్న చేను దగ్గర తగిలింది. బుడ్డన్న తన భూమికి హద్దులు పెట్టించుకోవాలని పిలిచాడు. పక్క చేను కాశన్నది. ఇద్దరికీ మాటల్లేవు. మాలో హద్దు కొలవాలంటే ఒక పద్ధతి ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళందరినీ పిలవాలి. వాళ్ళు గట్టు మీద కూర్చుని, బీడీ కాల్చి, తాతలనాటి కథలన్నీ తవ్వుకున్నాకే కొలిచే గొలుసు పడాలి. రాయి పాతేటప్పుడు గుంతలో బొగ్గులు పోయాలి. రేపు ఎవడైనా రాయి జరిపినా బొగ్గు మట్టిలోనే ఉండి సాక్ష్యం చెబుతుంది. కుర్మయ్యన్న ఇవేవీ చేయలేదు. సైన్యంలో అలవాటైనట్టే తెల్లవారుతుండగా పోయి, చప్పుడు కాకుండా కొలిచి, రాళ్ళు పాతించి, నక్ష గీసి, రేకు గొట్టంలో పెట్టి మూత బిగించాడు. ఏం గీశావని కాశన్న దారిలో అడిగితే, “పిలిచినోనికే చూపిస్త” అని వచ్చేశాడు.

మరునాడు ఆ రాళ్ళన్నీ ఆయన ఇంటి ముందు కుప్పగా పడి ఉన్నాయి.

నేను పోయేసరికి అరుగు మీద కూర్చుని రాళ్ళనే చూస్తున్నాడు. లోపల రాములమ్మ పెట్టెలో బట్టలు సర్దుతోంది. పెబ్బేరు సంతనాటికి ఏదో ఒక మాట చెప్పాలని బావమరిది ఫోన్ చేశాడట. బుడ్డన్న కూడా “నీతోటి కొట్లాట తెచ్చుకున్నట్టయింది” అని పోయాడట.

“లెక్క తప్పలేదు చెల్లె. రెండుసార్లు చూసుకున్న.”

“తప్పలేదని నీకెరుక. కాశన్నకెట్ల ఎరుక? నాకు చూపించు ఆ నక్ష.”

ఆయన చేయి గొట్టం మూత మీద బిగిసింది. “చూపించొద్దు. అలవాటు లేదు. ఆడ ఒక నక్ష శత్రువు చేతిల పడితే ఎందరో చస్తరు. నేను గీసిన కాగితం మా ఇంటిది గూడ ఎన్నడు చూడలే.”

“అన్నా, ఈడ శత్రువు ఎవడు? కాశన్ననా? పొద్దున లేస్తే ఆయన మొకం చూడాలె, ఆయన బాయి నీళ్ళు తాగాలె. ఈడ దాస్తేనే తలకాయలు పగుల్తయ్.”

మూత తిప్పి తీశాడు. కాగితం పరిచాడు. సన్నటి గీతలు, చిన్న చిన్న అక్షరాలు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అదే మాట చెప్పాను. “నాకే తెల్వకపోతే కాశన్నకేం తెలుస్తది? గిది కాగితంల గాదు, నేల మీద సున్నంతోని పొయ్యి. నడిచి చూస్తం.”

ఆ మధ్యాహ్నమే ఊరి కల్లం ఊడ్చాను. ఆయన తాళ్ళు కట్టి కొలతలు చెబుతుంటే నేను పిడికిలితో సున్నం పోశాను. ముగ్గు వేసిన చేయి కదా, గీత వణకలేదు. కాగితంలో ఉన్న రెండు చేలు కల్లమంత పెద్దగా లేచాయి. బావి ఉన్నచోట బోర్లించిన చట్టి పెట్టాను, రేగుపొద దగ్గర కంప విరిచి గుచ్చాను. తర్వాత అందరినీ పిలుచుకొచ్చాం.

కాశన్న వస్తూనే కేకలేశాడు. “ఏందిరా కుర్మయ్యా, మిలిట్రీ తెలివి మా మీద చూపిస్తున్నవా?”

“కోపం తరువాత చేద్దువు మామా. ముందుగాల నీ చేన్లకు రా” అన్నాడు కుర్మయ్యన్న.

కాశన్న గీత దాటి లోపలికి వచ్చాడు. చట్టిని చూశాడు, పొదను చూశాడు, గీత వెంట ఒక చుట్టు నడిచాడు. గట్టు ఎక్కడుందో అక్కడే ఉందని ఆయన ముఖంలోనే తెలిసింది. అయినా కదలలేదు. “మరి నా బండి యాడికెల్లి రావాలె? బుడ్డన్న చేను అంచు మీదికెల్లి మా నాయన కాలం సంది బాట ఉండె. నువ్వు రాళ్ళు పాతితివి, ఈయన కంప పెడ్తడు. నేను గాల్లకెల్లి రావాల్నా?”

కొట్లాట గట్టు గురించి కాదు. బాట గురించి. కుర్మయ్యన్న టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“గన్నేండ్లు నక్షలు గీసిన మామా. బాట లేని నక్ష ఒక్కటి గీయలే. మేకలు నడిచే బాట గూడ ఇడువలే. ఊరికొచ్చి హద్దులే గీసిన, మనుషులు నడుస్తరన్నది మర్సిన.” నా వైపు తిరిగి, “చెల్లె, సున్నం తే” అన్నాడు.

ఈసారి నన్ను పోయమనలేదు. బుడ్డన్నను, కాశన్నను చెరో చివర నిలబెట్టి వాళ్ళ చేతే బాట గీత పోయించాడు. బుడ్డన్న గొణిగాడు. “బండికే, ట్రాక్టరుకు గాదు” అన్నాడు. “నా తాన ట్రాక్టరేడుందిరా, నువ్వు కొనిస్తవా?” అన్నాడు కాశన్న. ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వులోనే పని తెమిలిపోయింది. మరునాడు ఆ రాళ్ళనే ఇద్దరూ మోసుకుపోయి పాతారు. కింద పోసిన బొగ్గులు కాశన్న పొయ్యిలోవి. పెట్టెలో సర్దిన బట్టలను రాములమ్మ మళ్ళీ దండెం మీద వేసింది. “రాను బావా, ఈడ పని దొరికింది” అని కుర్మయ్యన్న ఫోన్‌లో చెబుతుంటే, “గట్టిగ చెప్పు, ఆయనకు చెవుడు” అని పక్కనుంచి అరిచింది కూడా ఆమే.

నాకు చదువు ఆ కల్లంలోనే మొదలైంది. ఏ చేను కొలిచినా ముందు నేల మీద పోయడం మా పద్ధతి అయిపోయింది. ఎవరి చేనులో వాళ్ళ పేరు ఆయన సున్నంతో రాసేవాడు. ఒకనాడు అడిగాను. “అందరి పేర్లు రాస్తివి. నా పేరేడ రాస్తవ్?” అడిగాక నాకే గుర్తొచ్చింది, నాకు గుంట భూమి కూడా లేదు. ఆయన తడబడలేదు. నేను జెండాకర్ర పట్టుకుని నిలబడిన చోట వంగి ‘చెన్నమ్మ’ అని రాశాడు. “నువ్వు ఈడ నిలబడకపోతే ఏ గీత రాదు. గిప్పుడు దాని మీదికెల్లి నువ్వు పొయ్యి” అన్నాడు. పోశాను. కింది ఒత్తులు ముద్దలయ్యాయి. మళ్ళీ పోశాను. ఆ తర్వాత పక్కచేల పేర్లు, ఊళ్ళ పేర్లు, వనపర్తి బస్సు బోర్డు. బోర్డు చదివి ఎక్కిన మొదటిసారి కండక్టరుకు ఊరి పేరు గట్టిగా చెప్పాను. అడగకముందే చెప్పాను.

కుర్మయ్యన్న పోయి కొంతకాలమైంది. చివరిదాకా చేలల్లోనే తిరిగాడు. గేటు దగ్గర మళ్ళీ నిలబడలేదు.

మొన్న ఆ రోడ్డు కొలిచేవాళ్ళలో ఒక ఆడపిల్ల ఉంది. “అవ్వా, జర పక్కకు జరుగు” అంది. చేతిలో పలకలాంటి ఫోను. అందులో మా ఊరంతా ఉంది.

“చూపించు బిడ్డా.”

“నీకు తెల్వదు అవ్వా.”

“నువ్వు చూపించు. తెల్వకుంటే అడుగుత.”

ఆ పిల్ల పక్కనే గొంతుక్కూర్చుని చూపించింది. పేర్లన్నీ చదివాను. దాని కళ్ళు పెద్దవయ్యాయి. తర్వాత, ఎవరు ఏ కాగితం చూపించినా నేను అడిగేదే అడిగాను. “ఇందుల బాటేది? రోడ్డు పడినంక మా ఆడోళ్ళు చేన్లకు యాడికెల్లి దాటాలె?” ఆ పిల్ల తెర మీద వేలు జరిపింది, అటు చూసింది, ఇటు చూసింది. బాట లేదు.

“యాడుంటదవ్వా అది?”

వాళ్ళ సున్నం సంచిలోంచి పిడికెడు తీసుకుని ముందు నడిచాను. పిల్ల ఫోను పట్టుకుని నా వెనక వచ్చింది.