నేను అడ్డం అన్న రోజు

మా చాచా పోయి మూడేళ్ళయింది. సొంత బాబాయి కాదు, అందరిలా నేనూ చాచా అని పిలిచేదాన్ని. పనిచేసే చోట నా పక్క బల్ల ఆయనది, నాకు పని నేర్పింది కూడా ఆయనే. ఇప్పటికీ మైక్రోస్కోపుకు కన్ను ఆనించి గాజు దారం తిప్పుతుంటే, వెనక ఎవరో నిలబడి మెల్లగా గొంతు సవరించుకున్నట్టు వినిపిస్తుంది. నేను దయ్యాలను నమ్మను. అయినా ఒక్కోసారి తిరిగి చూస్తాను. ఏసీ మోత తప్ప ఏమీ ఉండదు.

మాది హైదరాబాదులో కార్వాన్. ఇంట్లో బర్రెలు, పాల వ్యాపారం. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, బార్కస్ దాటాక ఒక షెడ్డులో నడిచే చిన్న కంపెనీలో చేరాను. అక్కడ మేము తయారుచేసేవి వెలుతురును మళ్ళించే స్విచ్చులు. ఆ మాట ఇంట్లో చెబితే, మన కొట్టంలో రెండు పాడైనయి, తెచ్చి బిగిస్తవా అని మా బాపు అడిగాడు. నేను చేసే పనేమిటో ఆయనకు ఎన్నడూ సరిగ్గా చెప్పలేకపోయాను.

అగ్గిపుల్లంత పొడవు స్ఫటికపు పలక ఉంటుంది. దాని మీద వెంట్రుక కన్నా సన్నటి దారి. లేజరు వెలుతురు అటూ ఇటూ పోకుండా ఆ దారిలోనే సాగుతుంది. దాన్ని వేవ్‌గైడ్ అంటాం. కొంత దూరం పోయాక అది రెండు పాయలవుతుంది. పక్కనే బంగారు పూత గీతలుంటాయి. వాటికి వోల్టేజి ఇస్తే వెలుతురు ఒక పాయ వదిలి రెండో పాయలోకి మళ్ళుతుంది.

అయితే వెలుతురు ఊగుతూ సాగుతుంది. ఆ ఊపు నిలువుగా ఉండొచ్చు, అడ్డంగా ఉండొచ్చు. పుస్తకాల్లో దీన్ని ధ్రువణం అంటారు. స్ఫటికాన్ని ఏ వైపు నుంచి కోశారన్నదాన్ని బట్టి ఒక రకం పలకకు నిలువు ఊపు కావాలి, ఇంకో రకానికి అడ్డం ఊపు కావాలి. తప్పు ఊపుతో పంపినా వెలుతురు అవతలికి దాటుతుంది. కాని వోల్టేజి ఇచ్చినప్పుడు కొంచెమే కదులుతుంది, రెండో పాయలోకి పూర్తిగా మళ్ళదు. చూడడానికి రెండు రకాల పలకలూ ఒకేలా ఉంటాయి. ఏది ఏదో డబ్బా మీద చీటీ చూస్తేనే తెలుస్తుంది.

వెలుతురును పలక దాకా మోసుకొచ్చే గాజు దారాన్ని సరైన కోణానికి తిప్పి అతికించడం చాచా పని. ఆ దారం కొసను మైక్రోస్కోపులో చూస్తే గుండ్రటి ముఖంలో రెండు కళ్ళలాంటి చుక్కలు కనిపిస్తాయి. కళ్ళు ఒకదాని మీద ఒకటి ఉంటే నిలువు, పక్కపక్కన ఉంటే అడ్డం. చాచా బార్కస్‌లోనే పుట్టి పెరిగినవాడు. టెలిఫోను కేబుళ్ళు అతికే పనిలో ముప్పై ఏళ్ళు చేసి, అరవై దాటాక మా దగ్గరికి వచ్చాడు. ఇంటి నుంచి లుంగీ మీదే వచ్చి షెడ్డులో ప్యాంటు వేసుకునేవాడు. దారం తిప్పేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. పక్కన నిలబడి నేనూ బిగబట్టేదాన్ని.

మాకొక పద్ధతి ఉండేది. కొత్త డబ్బా తెరిచినప్పుడు దాని మీది చీటీ నేను చదివి పైకి చెప్పాలి. ఆయన చేతులకు గ్లవ్స్ ఉంటాయి, కన్ను మైక్రోస్కోపుకు ఉంటుంది. నేను ఏది అంటే దాని ప్రకారం దారం తిప్పుతాడు. తర్వాత నేను చీటీ చూసి నోట్‌బుక్‌లో రాస్తాను.

ఒక ఏడాది ఎండాకాలంలో ఆయన కుడి కంటికి శుక్లం తీశారు. నెల తర్వాత పనిలోకి వచ్చాడు. తెల్ల గోడ కూడా నీలంగా మెరుస్తోందని, ఇన్నేళ్ళూ మసక గుడ్డలోంచి చూసినట్టుందని అందరికీ చెప్పేవాడు.

ఆయన వచ్చిన వారంలోనే ఒక పొద్దున నేను డబ్బా తెరుస్తుంటే అమ్మ ఫోను చేసింది. బర్రె ఈనుతోంది, దూడ అడ్డం తిరిగింది, డాక్టరు ఫోను ఎత్తడం లేదు. అమ్మ గొంతులో ఏడుపు. అదే సమయంలో చాచా మైక్రోస్కోపులోంచి కన్ను తీయకుండా అడిగాడు.

"ఇయ్యాల ఏంది బేటా, నిలువా, అడ్డమా?"

"అడ్డం," అన్నాను.

అమ్మ మాటకు అన్నానో, ఆయన అడిగినదానికి అన్నానో ఇవాళ్టికీ తేల్చుకోలేదు. చీటీ మాత్రం చూడలేదు. బ్యాగు తీసుకుని ఇంటికి పరుగెత్తాను. నేను చేరేలోపే ఎవరో పని తెలిసిన పెద్దాయన వచ్చి దూడను సరిచేశాడట. తల్లీ బిడ్డా బతికాయి. మర్నాడు పనికి వచ్చి, చీటీ చూసి, నోట్‌బుక్‌లో నా చేత్తో "నిలువు" అని రాశాను. ముందు రోజు ఆయనతో ఏమన్నానో అప్పుడు గుర్తు రాలేదు. అప్పటికే చాచా ఆ డబ్బాలో సగం పలకలు అతికించేశాడు. మిగతా సగం ఆ రోజు అతికించాడు.

మా దగ్గర వెలుతురు ఎంత దాటుతుందో మాత్రమే కొలిచేవాళ్ళం. వోల్టేజి పరీక్ష కొనేవాళ్ళ దగ్గర జరిగేది. నెలన్నర తర్వాత డబ్బా మొత్తం తిరిగొచ్చింది. ఒక్కటీ స్విచ్ కావడం లేదని ఉత్తరం.

మా మేనేజరు ఒక పలకను మైక్రోస్కోపు కింద పెట్టి మా ఇద్దరినీ పిలిచాడు. తెర మీద రెండు కళ్ళు, పక్కపక్కన. చీటీ మీద నిలువు. నోట్‌బుక్‌లో నిలువు. ఆ క్షణంలో నాకు ఆ పొద్దున, ఆ ఫోను, నా గొంతు అన్నీ వినిపించాయి. 

చాచా తెర వంక చాలాసేపు చూశాడు. అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"తప్పు నాదే సార్," అన్నాడు. "కన్ను మోసం చేసింది."

మేనేజరు మంచివాడే. కోప్పడలేదు. కొన్నాళ్ళు ఇంటి దగ్గర రెస్టు తీసుకోమన్నాడు. నేను నోరు విప్పాల్సింది అప్పుడే. ఆ నెలలో నన్ను పర్మనెంట్ చేస్తారన్న మాట నడుస్తోంది. అదొక్కటే కారణమని చెప్పలేను. ఆయన ఎలాగూ ఒప్పుకున్నాడు, గొడవ సద్దుమణిగింది, రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు రాకముందే ఆయన టిఫిను డబ్బా, ప్యాంటు, గ్లవ్స్ సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ పనికి రాలేదు. ఆయన బల్ల నాకిచ్చారు.

అక్కడ కూర్చున్న మొదటి రోజే ఆ రెండు చుక్కలు నన్ను చూస్తున్నట్టు అనిపించింది. దారం తిప్పితే కళ్ళు తిరిగేవి, చూపు మాత్రం నా మీదే ఉండేది. ఆ డబ్బా తిరిగొచ్చాక వోల్టేజి పరీక్ష కూడా మా దగ్గరే మొదలుపెట్టారు. ఒక్కో పలకకు వోల్టేజి ఆపినా వెలుతురు వెంటనే వెనక్కి రాదు, స్ఫటికంలో మిగిలిన విద్యుదావేశం దాన్ని కాసేపు పట్టుకుంటుంది. మిగతావాళ్ళు ఆ సమయంలో టీ తాగేవాళ్ళు. నేను మీటరు ముందు కదలకుండా కూర్చుని, ముల్లు దిగేదాకా చూసేదాన్ని. చీటీని మూడుసార్లు చదివేదాన్ని. ఇంటికి పోయాక కూడా ఎవరైనా అడ్డం అనే మాట అంటే ఉలిక్కిపడేదాన్ని. దారికి అడ్డం తప్పుకోమని ఆటోవాడు అరిచినా అంతే.

ఎనిమిది నెలలకు ధైర్యం చేసి బార్కస్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. మధ్యాహ్నం. ఆయన భార్య, చాచీ, పేపరు చదివి వినిపిస్తోంది, ఆయన తన కుర్చీలో వాలి కళ్ళు మూసుకుని వింటున్నాడు. స్కూటరు అమ్మేశాడట. రోడ్డు ఒక్కడే దాటడట. కన్ను బాగానే ఉందని డాక్టరు చెప్పినా నమ్మడం లేదని చాచీ చెప్పింది.

"డాక్టర్‌కు ఏం తెలుసు," అన్నాడు చాచా. "గోడ మీద అక్షరాలు చదివిస్తడు. పనికాడ దెబ్బ తింటే తెలుస్తది."

చాచీ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. నేను చెప్పేశాను. ఫోను సంగతి, దూడ సంగతి, నోటికొచ్చిన మాట అనేసిన సంగతి.  ఆయన కళ్ళు తెరిచి, నన్ను చూసి మెల్లగా నవ్వాడు.

"నోట్‌బుక్‌ల నీ రాత చూసిన బేటా. నిలువు అనే ఉన్నది."

"అది తెల్లారి రాసిన చాచా. చీటీ చూసి రాసిన. నీకు చెప్పింది వేరే."

"నువ్వు చెప్పంగ నేను విన్నది యాదికి లేదు. చీటీ నేనే చదివినట్టు యాదికున్నది. నా ఫికర్ చేయకు. ముసలోని కోసం గిట్ల నీ మీద ఏసుకోకు."

ఎంత చెప్పినా అంతే. నేను గట్టిగా చెప్పేకొద్దీ ఆయన ముఖం ఇంకా మెత్తబడింది. చాచీ టీ తెచ్చేసరికి నా పెళ్ళి ఎప్పుడని అడుగుతున్నాడు.

తర్వాతి ఎండాకాలంలో ఒక పొద్దున నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుంటూ కూలిపోయాడట. గుండె. నాకు తెలిసేసరికి రెండు రోజులైంది. ఆ రోజు బల్ల దగ్గర ఏ దారమూ అతికించలేకపోయాను. ఎన్నిసార్లు తిప్పినా దారం కొసలో కళ్ళు నిలువుకు వచ్చి నిలబడలేదు.

జరిగిందంతా కాగితం మీద రాసి మేనేజరుకు ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివాడు. బీరువాలోంచి పాత నోట్‌బుక్ తీసి, ఆ తేదీ వెతికి నా ముందు పెట్టాడు. నా చేతిరాతే. నిలువు. "నువ్వు సరిగ్గానే రాసినవమ్మా. పోయిన మనిషి మీద బాధతోని ఏదో అనుకుంటున్నవ్. రెండు రోజులు లీవు తీసుకో," అన్నాడు. నా కాగితాన్ని మడిచి నాకే తిరిగిచ్చాడు. నా అబద్ధం బయటపడితే ఏం చేయాలో తెలిసేదేమో. నా నిజాన్ని ఎవరూ నమ్మకపోతే ఏం చేయాలో తెలియలేదు.

భర్త పోయాక ఇల్లు కదలకుండా ఉండే నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ గడిచాక చాచీ దగ్గరికి వెళ్ళాను. ఆమె తలుపు తీసి, లోపలికి తీసుకెళ్ళి, జామకాయలు కోసి ఉప్పు చల్లి ముందు పెట్టింది. ఆమెకూ అంతా మొదటి నుంచి చెప్పాను. మధ్యలో ఆమె నన్ను ఒక్కసారీ ఆపలేదు. 

"ఆ దినం నువ్వు పోయినంక ఆయన మస్తు ఖుషీగున్నడు," అంది. "బిడ్డ నాకోసం ఇంత దూరం వచ్చి అబద్ధం చెప్పిపోయింది, సొంత పిల్లలు కూడ గిట్ల చేయరు అన్నడు. వచ్చినోళ్ళందరికీ గదే చెప్పేటోడు."

నాకు ఏడుపు రాలేదు. ఒక జామకాయ ముక్క తీసుకుని మళ్ళీ పళ్ళెంలోనే పెట్టేశాను.

"నేను నమ్ముతున్న," అంది చాచీ. "ఆయన కన్ను మంచిగనే ఉండె. మిద్దె మీద కూసొని దూరంకెళ్ళి వచ్చే బస్సు నంబరు చెప్పేటోడు. కరెక్టే ఉండేది. మళ్ళ వెంటనే, ఏమో, తప్పే ఉంటది అనేటోడు."

నన్ను తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండనిపించింది. ఆమె పళ్ళెం నా వైపు జరిపింది.

"రావద్దని అంటలేను. గని వస్తే ఈ ముచ్చట తియ్యకు. ఆయన నువ్వు అబద్ధం చెప్పినవనే ఖుషీతోని పోయిండు. గది గట్లనే ఉండనీ."

సరే అన్నాను. రెండు నెలలకోసారి వెళ్తుంటాను. మోకాళ్ళ నొప్పి గురించి, నీళ్ళ ట్యాంకరు గురించి, పక్కింటి లొల్లి గురించి మాట్లాడుకుంటాం. వెళ్ళినప్పుడల్లా చాచీ నన్ను ఆయన కుర్చీలో కూర్చోమంటుంది. నేను కింద చాప మీద కూర్చుంటాను.