తూటా తగలని నీళ్ల ట్యాంకు

ఇరాక్ సైనికుడొకడు నా ఇంగ్లీషు విని భయపడి తుపాకీ కింద పెట్టాడని మా మనవళ్లకు చెబుతుంటాను. దాన్ని మీరు నమ్మక్కర్లేదు. ఖాతూన్ బీ సంగతి మాత్రం నమ్మండి.

ఆమెది రాయచోటి. కువైట్‌లోని సాల్మియాలో ఒక కువైటీ ఇంట్లో పదకొండేళ్లు వంట చేసింది. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిన వారానికే ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, పిల్లలతో సౌదీకి పోతూ తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది. "నేనొచ్చేదాకా తలుపు తెరవొద్దు" అంది. తెరిచి కనిపించిన ఇంటినల్లా సైనికులు దోచుకుంటున్న రోజులవి. ఖాతూన్ బీ తాళంచెవిని మెడలో తాయెత్తు పక్కన కట్టుకుని మా బిల్డింగుకు వచ్చేసింది.

అక్కడ నలభై రెండు మందిమి ఉండేవాళ్లం, అందరం పనికోసం వచ్చిన కడప జిల్లా వాళ్లమే. మేడమీది ట్యాంకులోకి నాలుగు రోజులకొకసారి మంచినీళ్లు ఎక్కేవి. కడుగుళ్లకు వాడే ఉప్పునీళ్ల పైపు వేరే ఉండేది. ఆమె వచ్చిన మర్నాడే అందరి బియ్యం ఒకే గదిలో పోయించింది. పొయ్యి ఒకటే వెలిగేది. సంగటికి మూడు చెంబుల మంచినీళ్లు పోస్తే ఒక చెంబు ఉప్పునీళ్లు కలిపేది. ఇక ఉప్పు వేయాల్సిన పనే లేదు. బియ్యం కడిగిన నీళ్లలోనే పప్పు ఉడికేది. ట్యాంకు వాల్వు పొద్దున పావుగంట మాత్రం తిప్పేది. గదికొక బిందె.

"కరువు మనకేం కొత్తనా? కువైటోళ్లకు కొత్త గానీ" అనేది.

మా ఊళ్లో కొళాయి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అందుకే దాన్ని తిప్పిపెట్టి కింద ఖాళీ బిందె పెట్టుకుంటాం, నీళ్లు పడే చప్పుడుకు లేచి పోతాం. ఆ అలవాటు నన్ను కువైట్‌లోనూ వదల్లేదు. ఒక పొద్దున అలాగే కొళాయి తిప్పిపెట్టి, రొట్టెల దుకాణం ముందు వరుసలో నిలబడ్డాను. ఇక్కడ ఖాతూన్ బీ వాల్వు తిప్పగానే, కింది గదిలో ఉండే ఇఫ్ఫత్ మూడు నెలల బిడ్డకు ఫిట్స్ వచ్చాయని కేక వినబడిందట. ఆమె వాల్వు సంగతి మరిచి కిందికి పరుగెత్తింది.

నేను తిరిగొచ్చేసరికి స్నానాలగదంతా తడి. బిందె పొంగి పొంగి ఆగింది. ట్యాంకు ఖాళీ. మళ్లీ నీళ్లు ఎక్కడానికి మూడు రోజులుంది.

కొళాయి కట్టేసి వరండాలోకొచ్చి అరిచాను: "ట్యాంకును కాల్చినారు! తూటా దిగింది! నా కండ్లతో చూసినా!"

ఖాతూన్ బీ మేడెక్కి చూసి దిగింది. తడిసిన నా ప్యాంటు అంచులు కూడా చూసింది.

"అవునప్పా, తూటానే" అంది అందరితో.

తర్వాత నన్ను మెట్ల కిందికి లాగింది. "ఏం నాగేశ్వరా, కాన్వెంటులో నీకు నేర్పింది ఇదేనా?"

"నిజం చెప్పేస్తా అక్కా."

"నోర్ముయ్. చెప్తే రేపట్నించి ఎవురి బిందె వాళ్లు మంచం కింద దాపెట్టుకుంటారు. ఇంగ నా మాట ఎవురింటారు? ఆ బిడ్డకు పాలపొడి కలపాల. బిందెలు తీస్కో."

మెడలోని తాళంచెవి విప్పింది.

మామా ఇంటి మేడమీద ట్యాంకు నిండుగా ఉంది. మండుటెండలో ఇద్దరం తొమ్మిది సార్లు తిరిగాం. పోయిన ప్రతిసారీ తాళం తీసేది, వచ్చేటప్పుడు మళ్లీ వేసేది. తొమ్మిదోసారి తాళం వేస్తుండగా సైనికుల జీపు ఆగింది. తాళంచెవి లాక్కుని "యల్లా" అని మమ్మల్ని తరిమారు. మా వెనక తివాచీలు, ఫ్రిజ్, మామా పిల్లల సైకిలు బయటికి వస్తున్న చప్పుడు. ఖాతూన్ బీ వెనక్కి తిరగలేదు. బిందెను తొణకనివ్వలేదు.

బిడ్డ బతికింది. యుద్ధం ముగిశాక చాలామందిమి మళ్లీ కువైట్ వెళ్లాం. ఆమె రాలేదు. "మామాకు ఏం మొగం పెట్టుకోని కనపడేది?" అని రాయచోటిలోనే ఇడ్లీలు అమ్ముకుని బతికింది. నేను తూటా కథ చెప్పినప్పుడల్లా పక్కన కూర్చుని తలూపేది.

పోయిన నెల ఆమె చనిపోతే మట్టికి వెళ్లాను. ఇఫ్ఫత్ కూతురు, ఆనాటి ఆ మూడు నెలల బిడ్డే, తన పిల్లలతో వచ్చి నన్ను అడిగింది.

"ట్యాంకుకు తూటా తగిలింది నువ్వే చూసినావంట గదా, తాతా?"

"లేదమ్మా, కొళాయి నేనే తిప్పిపెట్టినా."

ఇఫ్ఫత్ కూతురు కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "ఈ పొద్దు కూడా కథలేనా తాతా" అంది.