పెట్టని మందు

నెల్లికుదురులో అండాలు అనే ఆమెకు గొంతు బొంగురుపోయి చాలా కాలమైంది. ఆ తర్వాత నీళ్లు తాగితే ముక్కులోంచి రావడం మొదలైంది. మెతుకు దిగదు. దవాఖానలో దగ్గు సీసాలు రాసిచ్చారు. ఊరు మాత్రం జబ్బుకు పేరు పెట్టేసింది: ఎవరో తిండిల మందు పెట్టిండ్రు.

ఎవరన్నది వెతకనక్కర్లేదు. పెద్దల అమావాస్యనాడు అండాలు తిన్నది తోటికోడలు యమున ఇంట్లో. భర్త భిక్షపతి ఆమెను మందు కక్కించే మనిషి దగ్గరకు తీసుకుపోయాడు. అతను తాగించిన పసరుకు పేగులు నోట్లోకి వచ్చాయి. పళ్లెంలో పడ్డ నల్లటి ఉండను పుల్లతో కదిపి, "గిదే. ఆడమనిషి చెయ్యి," అన్నాడతను.

అండాలు తిన్నగా యమున వాకిట్లోకి పోయి, ఉన్న బొంగురు గొంతంతా చించుకుని అరిచింది.

"నీ చేతులు పడిపోను! నా కడుపుల మందు పోసినవు గదనే!"

"అదే గిన్నెల నేను తినలేదా అక్కా?" అని యమున మొత్తుకున్నది.

ఎవరూ వినలేదు. యమున బడిలో మధ్యాహ్న భోజనం వండేది. మర్నాటి నుంచి పిల్లలు ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకున్నారు. ఆ నెలలోనే గరిటె వేరే చేతికి పోయింది.

కక్కినా అండాలుకు తగ్గలేదు. మాట ముద్దగా మారాక భిక్షపతి హైదరాబాదు తీసుకుపోయాడు. డాక్టరమ్మ నాలుక చాపమన్నది. అది ఒక పక్కకు వంకరపోయింది. ఆ సగం ఎండిన చింతతొక్కలా ముడుచుకుపోయి ఉంది. ఆమె ఇంకేమీ అడగకుండా తలకు స్కానింగు రాసింది.

"పుర్రె అడుగున గడ్డ ఉంది. గొంతు నరాలు, నాలుక నరాలు బయటికొచ్చే చోట. చాలా అరుదుగా వస్తుంది. క్యాన్సరు కాదు, ఏళ్లుగా నిదానంగా పెరిగింది."

"మరి మందు?" అన్నాడు భిక్షపతి.

"ఏం మందు వాడారు?"



ఆపరేషను పొద్దంతా సాగింది. ప్రాణం దక్కింది. గడ్డకు అతుక్కుపోయిన నరాలు దక్కలేదు. ముందే తెచ్చి ఉంటే కొంత నయమయ్యేదని డాక్టరమ్మ అన్నది. కడుపులోకి గొట్టం వేసి, గంజి ఎలా పోయాలో నేర్పి పంపారు.

ఊరికి రాగానే అండాలు యమున వాకిటికి పోయింది. యమున పత్తికట్టె విరుస్తున్నది. అండాలు చేతులు జోడించింది. గొంతులోంచి గాలి వచ్చింది. చొంగ కారింది.

"తప్పైందంటున్నది," అన్నాడు భిక్షపతి.

"నువ్వు జెప్పకు బావా. తిట్టినప్పుడు బడిదాక ఇనొచ్చింది. గిప్పుడు గూడ గట్లనే జెప్పమను."

అండాలు మళ్లీ నోరు తెరిచింది. యమున కట్టె కింద పడేసి, చెవి ఒగ్గి, చాలాసేపు నిలబడింది.

"ఇనొస్తలేదక్కా," అని మోపు ఎత్తుకుని లోపలికి పోయింది.