నలభై మూడో నంబరు

నేను బందరులో డిగ్రీ చదివే రోజుల్లో, కాలేజీకీ బస్టాండుకీ మధ్య ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. గది ఒకటే. ఒక గోడంతా పుస్తకాలు, ఎదురు గోడ దగ్గర కుట్టుమిషను. పుస్తకాలు బాబాయి గారివి, మిషను పిన్నిగారిది. వాళ్ళు నాకు బంధువులేమీ కాదు. ఆ షాపుకి వచ్చేవాళ్ళందరూ వాళ్ళని అలాగే పిలిచేవాళ్ళు.

నవలలు పై అరల్లో, వారపత్రికలు మధ్యలో ఉండేవి. బొమ్మల కథలు మాత్రం అన్నిటికంటే కింద, నేలకి జానెడు ఎత్తులో. వాటి కోసం వచ్చేది పిల్లలేనని బాబాయి గారి నమ్మకం. పంతొమ్మిదేళ్ళ దాన్ని, చున్నీ ఒళ్ళో పెట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని వెతుక్కునేదాన్ని. విడివిడిగా ఉంటే చిరిగిపోతాయని ఆయన కామిక్స్‌ని పదేసి కలిపి దళసరి అట్టలతో బైండు చేయించి, ఒక్కో బైండుకి ఒక నంబరు వేశారు. పేర్లెవరికీ గుర్తుండేవి కావు. "పన్నెండు ఉందా?", "ముప్ఫై వచ్చిందా?" అనే అడిగేవాళ్ళు.

ఈ పిచ్చి నాకు గుడివాడలో పట్టింది. ఎనిమిదో తరగతి సెలవుల్లో పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్తే అటక మీద ట్రంకుపెట్టె నిండా పాత పిల్లల పత్రికలు దొరికాయి. ఏది ముందు చదవాలో పెద్దమ్మ కొడుకు చెప్పేవాడు. చెప్పి ఊరుకోకుండా చివరికి ఏమవుతుందో కూడా చెప్పేసేవాడు. పుస్తకం గురించి చెప్పడమంటే కథంతా చెప్పేయడం కాదని నాకు అప్పుడే తెలిసింది.

మా ఊరు బందరు దగ్గర గూడూరు. ఇంట్లో అమ్మకి ఈ పుస్తకాలంటే చిరాకు. "డిగ్రీకొచ్చిన పిల్లవి, ఇంకా ఆ బొమ్మలేంటే? ఎవరైనా చూస్తే నవ్విపోతారు" అనేది. అందుకని అద్దెకి తెచ్చిన ప్రతి బైండుకీ ముందు బ్రౌన్ పేపరు అట్ట వేసేదాన్ని. అలా వేస్తే స్టాటిస్టిక్స్ పుస్తకంలాగే ఉండేది. ఆ అట్టతోనే తిరిగి ఇచ్చేదాన్ని. "పుస్తకాన్ని ఇలా చూసుకునేది నువ్వొక్కదానివే అమ్మా" అని బాబాయి గారు మెచ్చుకునేవారు. అసలు కారణం ఆయనకి చెప్పలేదు. నేను ఆయనకి ఏదీ చెప్పలేదు. ఎవరితోనైనా నేను మాట్లాడటం అప్పట్లో చాలా తక్కువ.

చెప్పాల్సిందంతా డైరీలో రాసుకునేదాన్ని. ఎరువుల కొట్టువాళ్ళు కొత్త సంవత్సరానికి నాన్నకిచ్చిన లావుపాటి డైరీ అది. దానికీ బ్రౌన్ పేపరే. ముందు వైపు నుంచి చదివిన కామిక్స్ మీద అభిప్రాయాలు, నంబర్లు వేసి. వెనక నుంచి, పుస్తకం తలకిందులు చేసి, నా సొంత సంగతులు.

ముందు వైపు ఇలా ఉండేది. "ఆరు: రాజకుమారి మూడు కథల్లో మూడుసార్లు కోట మీంచి పడింది. ఆ కోటకి పిట్టగోడ కట్టించి ఉంటే బైండు సగమయ్యేది." "ఇరవై ఎనిమిది: రంగుల్లేవు. ఒక పేజీ నిండా వర్షమే, ఒక్క మాట లేదు. రెండుసార్లు చూశాను." "ఏడు: సముద్రం బాగాలేదు. పడవలో ఏదో తేడా ఉంది, ఏమిటో తెలియడం లేదు." అక్కడే ఒకచోట ఇది కూడా రాశాను: "బాబాయి గారు 'అద్భుతమమ్మా' అంటే చదవలేదని అర్థం. 'పరవాలేదు' అంటే అట్ట చూశారని. ఏమీ అనకుండా ఇస్తే అది తీసుకోవాలి."

వెనక వైపు సంగతులు ఇక్కడ రాయను. ఒక్కటి మాత్రం చెప్తాను: "ఈ రోజు మొత్తం ఏడు మాటలు మాట్లాడాను. నాలుగు కండక్టరుతో."

ఒక శనివారం మధ్యాహ్నం కాలేజీ అయ్యాక షాపుకి వెళ్ళాను. బాబాయి గారు భోజనానికి వెళ్ళారు. పిన్నిగారు జాకెట్టు చేతులు కుడుతున్నారు. బ్యాగులోంచి బ్రౌన్ పేపరు అట్ట పుస్తకం తీసి ఇచ్చాను. "ఏ నంబరమ్మా?" అని తలెత్తకుండానే అడిగారు. "నలభై మూడు" అన్నాను. స్కెచ్ పెన్ను తీసి, బ్రౌన్ పేపరు మీద 43 అని పెద్దగా వేసి, పక్కన పెట్టారు. నేను బస్సెక్కి ఇంటికొచ్చాను.

సాయంత్రం టీ తాగుతూ డైరీ తెరిస్తే లోపల ఒక రాజు గుర్రం మీంచి పడుతున్నాడు.

నలభై మూడు నా ఒళ్ళో ఉంది. పిన్నిగారు నలభై మూడని రాసి పక్కన పెట్టింది నా డైరీని.

ఆదివారమంతా ఒక వాక్యం వల్లె వేశాను: "నా డైరీ పొరపాటున మీ దగ్గరకొచ్చిందండీ." సోమవారం షాపు ముందు నిలబడేసరికి అది కాస్తా "నలభై మూడు కావాలండీ" అయిపోయింది.

"శనివారమే తెచ్చిచ్చావు కదమ్మా, మళ్ళీనా?" అన్నారు బాబాయి గారు. "అంత బాగుందా?"

తల ఊపాను. ఎటు ఊపానో నాకే తెలియదు.

"అయ్యో, అది శనివారమే వెళ్ళిపోయింది. అవనిగడ్డ టీచరు గారు తీసుకెళ్ళారు. అట్ట శుభ్రంగా ఉందని ముచ్చటపడి పట్టుకెళ్ళారు. మళ్ళీ శనివారం వస్తారు."

ఆ టీచరు గారిని నేను రెండు మూడుసార్లు చూశాను. వారం వారం బందరు వచ్చి, తనకీ వాళ్ళ అత్తగారికీ సరిపడా పుస్తకాలు సంచిలో వేసుకుని వెళ్తారు. అవనిగడ్డ బస్సెక్కి వెళ్ళి అడుగుదామా అనుకున్నాను. వెళ్ళి ఏమని అడగాలి? నా డైరీ మీరు చదివారా అనా?

నా భయం రెండు రకాలుగా ఉండేది. వెనక పేజీలు ఎవరైనా చదివితే తలెత్తుకోలేను. ముందు పేజీలు బాబాయి గారు చదివితే ఆ షాపుకి మళ్ళీ వెళ్ళలేను. కాలేజీ, బస్సు, ఇల్లు కాకుండా నేను వెళ్ళే చోటు అదొక్కటే.

ఆ వారంలో ఇంకో సంగతి జరిగింది. బుధవారం వెళ్ళేసరికి బాబాయి గారు గిలకలదిండి ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయనతో "నలభై మూడు చదివావా? అద్భుతం. తెచ్చిచ్చినవాళ్ళే రెండు రోజులకి మళ్ళీ అడుగుతున్నారు" అంటున్నారు. శుక్రవారానికి ముగ్గురు నలభై మూడు కోసం పేరు రాయించుకున్నారు. అందరికంటే ముందు ఐస్ ఫ్యాక్టరీ ఆయనే. అసలు నలభై మూడు అన్ని రోజులూ నా బ్యాగులోనే ఉంది. నిజం చెప్పాలంటే అదేమంత బాగుండదు.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకే వెళ్ళి కింది అర దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. చేతిలో బ్రౌన్ పేపరు అట్టతో అసలు పుస్తకం. ఐస్ ఫ్యాక్టరీ ఆయన స్టూలు మీద కూర్చుని తన వంతు కోసం చూస్తున్నాడు. మూడు దాటాక టీచరు గారు వచ్చి, గొడుగు గుమ్మానికి తగిలించి, పుస్తకాలన్నీ బల్ల మీద పెట్టారు.

"ఈ నలభై మూడుకి రెండో భాగం ఉందా అండీ?" అని అడిగారు.

"దానికి రెండో భాగమేంటండీ, పది కథల బైండు కదా అది."

"కథలెక్కడున్నాయండీ ఇందులో? పుస్తకాల మీద అభిప్రాయాలు రాయించి పెట్టారుగా మీరు. మంచి పని చేశారు. ఏది తీసుకోవాలో తెలియక ఇన్నాళ్ళూ ఏదో ఒకటి పట్టుకెళ్ళేదాన్ని. ఇది చూసే ఈసారి రాసుకొచ్చాను. ఇరవై ఎనిమిది ఇవ్వండి."

"ఇరవై ఎనిమిదా? దాన్నెవరూ ముట్టుకోరండీ. రంగుల్లేవు."

"వర్షం ఉందట కదా."

బాబాయి గారికి ఏమీ అర్థం కాలేదు. కళ్ళజోడు పెట్టుకుని డైరీ తెరిచారు. ఆయనకి పెదవులు కదుపుతూ చదివే అలవాటు. ఏదైనా గట్టి విషయం వస్తే గొంతు కూడా కలుస్తుంది. నాలుగు పేజీలు తిప్పాక కలిసింది.

"'బాబాయి గారు అద్భుతమమ్మా అంటే చదవలేదని అర్థం.'"

మిషను ఆగింది. "మళ్ళీ చదవండి" అన్నారు పిన్నిగారు.

"ఎందుకు?"

"సరిగ్గా వినపళ్ళేదు."

ఆవిడకి బాగానే వినపడింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

"ఎవరు రాశారండీ ఇది?" అన్నారు బాబాయి గారు.

"ఎవురు రాస్తేనేం బాబాయ్, ఉన్నమాటే రాశారు" అన్నాడు ఐస్ ఫ్యాక్టరీ ఆయన. "మొన్న అద్భుతమని నువ్విచ్చిన దాంట్లో మజ్జలో పదహారు పేజీలు లేవు. నువ్వు సూడలేదా?"

"నీకు కథ ముఖ్యమా, పేజీలు ముఖ్యమా?" అని బాబాయి గారు విసుక్కున్నారు. "సరే, నీ వంతేగా. పట్టుకెళ్ళు. చదివి ఇదెవరిదో నువ్వే తేల్చు" అని డైరీని ఆయన చేతిలో పెట్టారు.

ఐస్ ఫ్యాక్టరీ ఆయన దాన్ని చివరి నుంచి తిరగేశాడు. "ఇదేంటి బాబాయ్, ఇక్కడ్నించి తలకిందులుగా ఉంది" అని డైరీని తిప్పి పట్టుకోబోయాడు.

"అది నాదండీ" అన్నాను.

ఎవరూ తిరగలేదు. ఆ మాట నాకు తప్ప ఎవరికీ వినపడి ఉండదు. లేచి నిలబడి మళ్ళీ అన్నాను. "అది నా డైరీ అండీ. నలభై మూడు నా దగ్గరుంది."

నా చేతిలో పుస్తకం, ఆయన చేతిలో పుస్తకం, రెంటికీ ఒకే కాగితం, ఒకే మడత. అందరూ అటూ ఇటూ చూశారు. ఐస్ ఫ్యాక్టరీ ఆయన డైరీ మూసేసి రెండు చేతులతో నాకందించాడు. "తీసుకో అమ్మా. నేనేం సదవలేదు."

టీచరు గారు నా దగ్గరగా వచ్చి, "తలకిందులు పేజీలు రాగానే ఇది షాపువాళ్ళది కాదేమో అనిపించి మూసేశానమ్మా. మా అత్తగారు తిప్పి చూద్దామన్నారు. ఇవ్వలేదు" అన్నారు నెమ్మదిగా.

నేను బాబాయి గారి వంక చూశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. ఇక ఈ షాపుకి రావద్దంటారనుకున్నాను.

"ఏడు బాగాలేదని రాశావు" అన్నారు. "ఏం బాగాలేదు?"

డైరీని బ్యాగులోకి తోసేశాను.

"నా గురించి రాశావంటే రాశావు. ఏడు మాత్రం నేను చదివాను. పూర్తిగా చదివాను. అది బాగుంటుంది."

అప్పుడు మాట్లాడాను. ఆ బొమ్మలేసినాయన సముద్రాన్ని స్కేలు పెట్టి గీసినట్టు గీశాడనీ, మంగినపూడి బీచిలో మోకాలి లోతున నిలబడితే కాళ్ళ కింద ఇసుక జారిపోతుంటుందనీ, ఈ బొమ్మల్లో మనుషులు నీళ్ళలో కూడా గచ్చు మీద నిలబడ్డట్టే ఉన్నారనీ చెప్పాను. తుఫానులో హీరో జుట్టు చెదరదని కూడా చెప్పాను. పడవ మాత్రం ఎందుకు తేడాగా ఉందో తెలియడం లేదన్నాను.

బాబాయి గారు నాతోపాటు కింద కూర్చుని ఏడో నంబరు బయటికి లాగారు. ఐస్ ఫ్యాక్టరీ ఆయన స్టూలు మీంచే వంగి ఒక్క చూపు చూశాడు. వాళ్ళ నాన్నకి సొంత పడవ ఉండేదట.

"సుక్కాని ముందుకి పెట్టాడు" అన్నాడు. "పడవని తిప్పేది ఎనకనుంచి కదా. ఈ లెక్కన ఆడు గట్టు దాటడు."

నలుగురం ఆ బొమ్మ మీదికి వంగాం. నిజమే, చుక్కాని ముందు ఉంది.

"పదేళ్ళుగా అద్దెకిస్తున్నాను దీన్ని. ఒక్కడూ చెప్పలేదు" అన్నారు బాబాయి గారు.

"ఎవుర్నడిగావు బాబాయ్?"

పిన్నిగారు కత్తెర తీసుకుని తెల్లకాగితం చీటీలుగా కత్తిరించడం మొదలుపెట్టారు. ఒక్కో బైండు అట్ట లోపల ఒక్కో చీటీ అంటిస్తామనీ, అందులో నాలుగు ముక్కలు నన్ను రాయమనీ అన్నారు. "ఈయన అద్భుతాలు విని విని నా చెవులు పోయాయి" అన్నారు. పేరు రాయనవసరం లేకపోతే రాస్తానన్నాను. కొన్ని నెలలు రాశాను. తర్వాత మిగతావాళ్ళు కూడా పెన్సిలుతో కింద రాయడం మొదలుపెట్టారు. ఆరో నంబరులో నా పిట్టగోడ మాట కింద ఎవరో "పిట్టగోడ ఉంది. రెండో కథ చివరి పేజీ చూడండి" అని రాశారు. తీసి చూశాను. ఉంది.

డైరీ చేతికొచ్చిన ఆ శనివారం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. డైరీ తెరిచాను. ముందు వైపు పేజీల్లో అక్కడక్కడా ఎర్ర సిరా. నేను "అధ్బుతం" అని రాసిన చోటల్లా టీచరు గారు దాన్ని "అద్భుతం" అని దిద్దారు. ఊరుకోలేకపోయినట్టున్నారు. వెనక వైపు మాత్రం ఎక్కడా ఎరుపు లేదు.

ముందు పేజీల్లో చివరిది ఏ పుస్తకం మీదా కాదు. నాకే గుర్తులేదు రాసినట్టు. "పడిపోయే రాజకుమారి, ఎదురుచూసే రాజకుమారి తప్ప ఈ కథల్లో ఇంకెవరూ ఉండరా? కృష్ణలో పడవ నడిపే అమ్మాయి ఉంటే బాగుణ్ణు. రోజూ లంకల నుంచి జనాన్ని ఈ ఒడ్డుకి దాటిస్తుంది. ఒకరోజు ఎక్కినవాళ్ళలో ఒకరికి నీడ లేదు." అక్కడ ఆపేశాను.

దాని కింద ఎర్ర సిరాతో ఒక్క మాట ఉంది: "తర్వాత?"

గూడూరు వచ్చిందని కండక్టరు రెండుసార్లు అరవాల్సి వచ్చింది.

మర్నాడు స్టాటిస్టిక్స్ నోట్సు వెనక నాలుగు గడులు గీశాను. నాకు బొమ్మలు రావు. అమ్మాయి మొహం ప్రతి గడిలో ఒక్కోలా వచ్చింది. నీళ్ళు గీసి చెరిపి, గీసి చెరిపి కాగితానికి చిల్లు పడింది. అమ్మ వెనక నుంచి వచ్చి చూసి, "ఇదేంటే, తెచ్చుకుని చదివేవి చాలక నువ్వే వేస్తున్నావా?" అంది. అవునన్నాను.

కాసేపు నిలబడి చూసి, "పడవ బాగుంది" అంది.

చుక్కాని వెనకే పెట్టాను.