ఇరవై రోజుల గాయం

రాహేలు సిస్టర్ కట్టిన కట్టుకు ముడి ఎప్పుడూ బయటివైపే ఉంటుంది. లోపలివైపు వేస్తే పడుకున్నప్పుడు రెండో కాలికి ఒరుసుకుంటుందని ఆమె పట్టుదల. జమ్మలమడుగులో ఒక ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు ఆమె చేసిన పని గాయాలు కడిగి కట్లు కట్టడమే. నేను, అనంతరామయ్యను, అక్కడే కేసు షీట్లు రాసే గుమాస్తాను. ఆమె చేత తిట్లు తినని రోజు నాకు గుర్తులేదు. నా రాత కోడి కెలికినట్టుంటుందనేది.

ఆమెది కడప దగ్గరి ఖాజీపేట. తాతల కాలంలో క్రైస్తవ మిషన్‌లో కలిసిన కుటుంబం. ఆ ఫ్యాక్షన్ రోజుల్లో వార్డులో ఈ మంచం మీద ఒక వర్గం వాడు, ఆ మంచం మీద ఇంకో వర్గం వాడు ఉండేవాళ్లు. రాహేలు ఇద్దరికీ ఒకే దూది వాడేది, ఒకే తిట్లు తిట్టేది.

తొంభైల చివర, ఎన్నికలకు ముందు వేసవిలో దేవపాలును తెచ్చారు. పులివెందుల దగ్గరి పల్లెలో కూలి మనిషి. తమ నాయకుడి జీపులో వెనక కూర్చున్నందుకు నాటుబాంబు పెంకు అతని ఎడమ పిక్కలో దిగింది. డాక్టర్ జయకర్ పెంకు తీసేసి, ఎముకకు తగల్లేదు, కాలు నిలుస్తుందన్నాడు. నిలపాల్సిన పని రాహేలుది.

ఆరో రోజుకు గాయం అడుగున ఎర్రటి గింజలు కనిపించాయి. చేపగుడ్లంత చిన్నవి, దూది తగిలితే నెత్తురు చెమర్చేవి. అవి వస్తే గాయం దారిలో పడినట్టేనని ఆమె లెక్క. ఆ రోజు నన్ను తిట్టలేదు. ఎనిమిదో రోజు చూస్తే గింజలు లేవు. గాయం తెల్లగా పాలిపోయి, అంచులు కాలినట్టున్నాయి. షుగరేమోనని పరీక్ష చేయించింది, లేదు. బీడీలు తాగుతున్నాడేమోనని పరుపు కింద వెతికింది, దొరకలేదు. చివరికి తన చేతులనే అనుమానించి, సబ్బుతో రుద్దీ రుద్దీ తోలు లేపుకుంది.

"నేనేం తప్పు చేస్తాండానో చెప్పండి సార్" అని డాక్టరును నిలదీసింది.

జయకర్ ఓపిగ్గా చెప్పాడు. "గాయంలో రక్తం అందని కణాలకు గాలి, అంటే ఆక్సిజన్, చాలదమ్మా. అప్పుడవి గ్రోత్ ఫ్యాక్టర్ అనే పదార్థం వదుల్తాయి. దగ్గర్లో బతికున్న రక్తనాళం గోడ మీద దాన్ని పట్టుకునే రిసెప్టర్లుంటాయి. పట్టుకోగానే నాళం అటువైపు మొలక వేస్తుంది. రెండు మొలకలు కలిసినచోట రక్తం పారుతుంది. నువ్వు చూసే ఎర్ర గింజలు అవే. గాలి సరిపోగానే ఆ పదార్థం తగ్గిపోతుంది, మొలకలు ఆగిపోతాయి. వదిలే కణాలూ పట్టుకునే కణాలూ రెండూ బతికుండాలి. ఈ గాయంలో రెండింటినీ ఏదో చంపుతోంది."

ఆ ఏదో ఏమిటో పదమూడో రోజున తెలిసింది. సాయంత్రం కట్టు మార్చబోతే ముడి లోపలివైపు ఉంది. తన ముడి కాదు. విప్పితే గాయం నిండా సున్నం. తమలపాకుకు రాసుకునే సున్నం.

"ఏందప్పా ఇది? ఎవురు పూసినారు?"

"నేనే సిస్టరక్కా" అన్నాడు దేవపాలు, గోడ వైపు చూస్తూ. "రోజూ మధ్యాహ్నం మీరంతా భోజనానికి పోయినప్పుడు పూసి, సాయంత్రానికి తుడిచి మీ మాదిరే ముడేసేవాణ్ని. ఈ పొద్దు కునుకు పట్టి తుడవలేదు. ప్రొద్దుటూరు లాయరు చెప్పినాడంట, ఇరవై దినాలు మంచం మీద ఉంటేనే బాంబేసినోళ్ల మీద పెద్ద సెక్షనంట. బిరీన మానితే ఆ నా కొడుకులు బెయిలు మీద బయటికొస్తారంట. మావోళ్లు ఈ డబ్బీ ఇచ్చిపోయినారు. కేసు నిలిస్తే ఫ్యాక్టరీ గేటుకాడ వాచ్‌మన్ పని ఇప్పిస్తామన్యారు."

రాహేలు ఆ డబ్బీ లాక్కుని కిటికీలోంచి విసిరేసింది. అంత కోపం నేను మళ్లీ చూడలేదు.

"ఇరవై దినాలా? ఈ గాయం మానాలంటే ఎట్ల చూసినా నెలన్నర పడ్తాది. నీ సున్నమెందుకు దానికి? నన్నొక మాట అడిగింటే చెప్పేదాన్ని కదా. గాలందక నీ కండ పిలుస్తాంటే, నరం విని మొలుస్తాంటే, నువ్వు రోజూ దాని మొగాన సున్నం కొడతాండావా?"

ఇరవై రోజుల సంగతి నాకు తెలుసు. కేసు షీటులో తేదీ సరిగ్గా వేశావా అని అతని పార్టీ వాళ్లు రోజూ నా బల్ల దగ్గరికి వచ్చి అడిగేవాళ్లు. ఎందుకడుగుతున్నారో ఆమె చెవిన వేస్తే సరిపోయేది. నాకెందుకు అనుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆమె సున్నమంతా కడిగింది. అతని మంచం పక్కనే స్టూలు వేసుకుని, మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే తినేది. పదహారో రోజు గాయంలో ఒక మూల నాలుగు ఎర్ర గింజలు వచ్చాయి. నన్ను పిలిచి మరీ చూపించింది. కానీ అప్పటికే చీము ఎముకలోకి దిగి, జ్వరం నూట నాలుగు దాటింది. ప్రాణం దక్కాలంటే వేరే దారి లేదన్నాడు జయకర్. పంతొమ్మిదో రోజున మోకాలి కింద కాలు తీసేశారు.

ఎన్నికలు రాకముందే ఆ రెండు వర్గాల నాయకులూ ఒకే పార్టీలో చేరి, ప్రొద్దుటూరులో ఒకే వేదిక మీద దండలు వేసుకున్నారు. కేసు విచారణకొచ్చిన రోజు, బాంబు వేసినవాళ్లను తాను చూడలేదని దేవపాలు చేత చెప్పించారు. వాచ్‌మన్ పని ఊసే లేదు.

అప్పట్నుంచి కొట్లాట కేసు ఏది వచ్చినా రాహేలు ముందు అడిగేది ఒకటే. "నీకెన్ని దినాలు కావాలప్పా? చెప్పు, కాయితం మీద రాయిస్తా. గాయం జోలికి మాత్రం రావాకు." ఆ మాట విని పార్టీల వాళ్లు నవ్వేవాళ్లు. ఆమె నవ్వేది కాదు.

మరుసటి ఏడు దేవపాలు చంకల కింద కర్రలతో వచ్చాడు. కొయ్యకాలు ఒరుసుకుని మొండి చివర పుండు పడింది. రాహేలు తిడుతూనే కడిగింది. వారానికి గింజలొచ్చాయి, ఎర్రగా, ఒత్తుగా. అతను వంగి వాటిని చాలాసేపు చూశాడు.

"సిస్టరక్కా, కండ పిలిస్తే నరం మొలుస్తాదంటివే. కాలు మొలవదా?"

ఎవరికైనా దీటుగా జవాబు చెప్పే మనిషి, తల ఎత్తకుండా "మొలవదప్పా" అంది. గుడ్డ చుట్టి, అలవాటు ప్రకారం ముడి బయటివైపే వేసింది.