జర దమ్ము తీస్కుంటా

మొన్న ఆదివారం పొద్దున మా తమ్ముడు కాకినాడ నుంచి ఫోన్ చేసి, తిన్నావా పడుకున్నావా అని అడగకుండానే, "అక్కా, మీ జనగామలో ఇవాళ గాలి ఎంతుందో చూశావా?" అన్నాడు. గాలి ఎంత ఉండటమేమిటన్నాను. ఇప్పుడు ఫోన్లో ప్రతి ఊరి గాలికీ ఒక అంకె చూపిస్తున్నారట, అంకె తక్కువైతే గాలి మంచిదట. వాళ్ళ ఊరి అంకె చదివాడు, మా ఊరిది చదివాడు. మాదే ఎక్కువ. "ఒక్కదానివీ ఆ దుమ్ములో ఎందుకు చెప్పు? మేడ మీద వాటా ఖాళీగానే ఉంది. నెలాఖరుకి కారు పంపిస్తాను, వచ్చెయ్యి. సాయంత్రం మళ్ళీ చేస్తాను, మాట చెప్పాలి మరి" అని పెట్టేశాడు. వాడు అడిగినదాంట్లో తప్పేమీ లేదు. నేను ఫోన్ పక్కన పెట్టి పెరట్లోకి వెళ్ళాను. తీగ మీద తెల్ల తువ్వాలు ఆరుతోంది. మా వారు ఉన్నప్పుడు ఊళ్ళ గాలికి మార్కులు వేసింది ఆ తువ్వాలే. ఆయన పోయి ఏడు నెలలైంది.

ఆయన భూపాలపల్లిలో బాయి పని చేశారు. బొగ్గు గనిని అక్కడ బాయి అంటారు. పెళ్ళైన కొత్తలో ఆయన "బాయికి పోయొస్త" అంటే, ఈ మనిషి రోజూ బావి దగ్గర ఎనిమిది గంటలు ఏం చేస్తాడా అనుకున్నాను. నీళ్ళు తోడే పంపులు నడపడం ఆయన పని కాబట్టి నేను అనుకున్నది మరీ తప్పు కూడా కాదు. క్వార్టర్లో ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నాం. తెల్లబట్టలు ఆరేస్తే సాయంత్రానికి సన్నటి నల్లచుక్కలు పడేవి. చేత్తో తుడిస్తే గీతలయ్యేవి. కొన్నాళ్ళకు తెల్లవి కొనడం మానేశాను. రిటైరవడానికి రెండేళ్ళ ముందు ఆయనకు ఆయాసం మొదలైంది. వాళ్ళ వైపు దాన్ని దమ్ము అంటారు. ఆయాసం వస్తే దమ్మొస్తంది అంటారు, కాసేపు ఆగి ఊపిరి పీల్చుకుంటే దమ్ము తీసుకోవడం అంటారు. ఆయన రోజుకు పదిసార్లు అనే మాట అదే. బజారు నుంచి వస్తూ సంచీ కింద పెట్టి, "జర దమ్ము తీస్కుంటా" అనేవారు. నేను పక్కన నిలబడేదాన్ని. ఒక్కోసారి అలా ఆగినప్పుడే మేము అసలు మాటలు మాట్లాడుకునేవాళ్ళం.

దవాఖానలో పెద్ద డాక్టరు, రిటైరయ్యాక ఈ ఊళ్ళో ఉండొద్దు, మీ ఊపిరితిత్తులకు ధూళీ పడదు, తేమా పడదు, చూసుకుని వెళ్ళండి అన్నాడు. ఎక్కడికి అన్నది చెప్పలేదు. మాకు మూడు ఊళ్ళున్నాయి. మహబూబాబాద్‌లో మా వారి అక్క, నేను పుట్టిన కాకినాడలో మా తమ్ముడు, ఇక జనగామ. జనగామలో మాకెవరూ లేరు, ఆయన చిన్నప్పుడు అక్కడ హాస్టల్లో ఉండి చదువుకున్నారు, అంతే. నేను మనసులో కాకినాడ అనుకున్నాను. పైకి అనలేదు. ఆయన నిర్ణయాలన్నీ కొలత వేసి తీసుకునే మనిషి. కొత్త తెల్ల తువ్వాలు ఒకటి కొన్నారు. ఏ ఊళ్ళో అయినా పక్షం రోజులుండి, రోజూ సాయంత్రం తువ్వాలు తీగ మీద వేసి, పొద్దున చూడాలి. మురికి పడితే ధూళి, ఆరకపోతే తేమ. "గిది మోసం జెయ్యది" అన్నారు.

ముందు మహబూబాబాద్ వెళ్ళాం. పత్తి రోజులు. వదినె ఇల్లు కేసముద్రం రోడ్డు మీద, మార్కెట్టుకు పోయే ట్రాక్టర్లన్నీ ఆ గుమ్మం ముందు నుంచే. పొద్దున తువ్వాలు మీద ఎర్రదుమ్ము, దుమ్ము మీద పత్తిపీచు. ఆయన దాన్ని దులుపుతుంటే వదినె చూసింది. "గాలికేమైంది తమ్మీ? ఇన్నేండ్లసంది నేనీడ బతుకుతలేనా?" అంది, అని వరసగా రెండుసార్లు తుమ్మింది. ఆయన తువ్వాలు మడతపెట్టి, "బతుకుతున్నవక్కా, గట్టిగనే బతుకుతున్నవు" అన్నారు. ఆమెకు కోపం వచ్చిందో నవ్వు వచ్చిందో చెప్పలేను. వచ్చేటప్పుడు మాత్రం సంచీ నిండా పెసలు పోసింది.

కాకినాడ వెళ్ళేసరికి ఎండలు మొదలవుతున్నాయి. సముద్రపు గాలి గురించి పుస్తకాల్లో చాలా చదివాను. అది గుమ్మాల మేకుల్ని తుప్పు పట్టిస్తుందనీ, జాడీలో ఉప్పును నీరు కారుస్తుందనీ ఎవరూ రాసినట్టు లేదు. అయినా బస్సు దిగగానే ఆ చేపలవాసన, ఆ జిడ్డుగాలి తగిలి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా వారు చూశారు. తమ్ముడి మేడ మీద వాటాలో దిగాం. పొద్దున తువ్వాలు చూస్తే ఒక్క మచ్చ లేదు, తెల్లగా ఉంది. కాని పిండితే నీళ్ళు వచ్చేలా ఉంది. "ఎంత తెల్లగుందో జూడు. మస్తు గాలి" అన్నారు ఆయన. తడి సంగతి ఎత్తలేదు.

నాలుగో రోజున ఆయాసం ఎక్కువైతే మా తమ్ముడు వీధి చివర క్లినిక్కుకి తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. కాంపౌండరు కుర్రవాడు, పుస్తకం తెరిచి, "ఏంటండీ ఇబ్బంది?" అన్నాడు.

"దమ్ము, సార్. బాగ దమ్మైతంది."

మా వైపు దమ్ము అంటే సిగరెట్టు పీల్చడం. కుర్రవాడు జాలిగా చూసి, "రోజుకి ఎన్నండీ?" అన్నాడు.

ఎన్నిసార్లు మెట్లెక్కుతారని అడుగుతున్నాడనుకున్నారు మా వారు. "ఎక్కుడు దిగుడు గలిపి నాలుగైదు" అన్నారు. కుర్రవాడు రాసుకున్నాడు. లోపల డాక్టరు ఆ కాగితం చూసి, "ఈ వయసులో ఈ నాలుగైదూ మానెయ్యలేరాండీ?" అన్నాడు.

"మేం ఉండేదే మీద సార్. మానేస్తే ఇంట్లకెట్ల పోవాలె?"

నేను కల్పించుకుని చెప్పేలోపే మా తమ్ముడు గోడకు ఆనుకుని నవ్వుతున్నాడు. డాక్టరూ నవ్వాడు, మందులు రాశాడు. ఆ వారమంతా ఇంటికి ఎవరొచ్చినా మా వాడు ఆ కథే చెప్పాడు. "మా బావగారికి దమ్ముందండోయ్" అనేవాడు. మా వాడిది చెడ్డమనసు కాదు. మా వారూ అందరితో కలిసి నవ్వారు. నేనూ నవ్వాను.

క్లినిక్కు నుంచి వచ్చాక నేను గమనించడానికి మూడు రోజులు పట్టింది. ఆయన ఆ మాట అనడం మానేశారు. మేడ మెట్లు పద్దెనిమిది. నాలుగో మెట్టు మీద ఆగేవారు. ఒకరోజు చెప్పు ఊడిందని వంగారు. ఒకరోజు పక్కింటి కొబ్బరిచెట్టుకు గెలలెన్ని అని చూశారు. ఒకరోజు జేబులో ఏదో వెతికారు. ఆగుతున్నారు, ఎందుకో చెప్పడం లేదు. పైకొచ్చాక, ఎలా ఉందంటే, "ఈడనే మంచిగుంది. ఈడనే ఉందాం" అనేవారు. ముప్పై ఏళ్ళు నన్ను బొగ్గుదుమ్ములో ఉంచిన బాకీ అనుకున్నారో ఏమో, నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నాకు మాత్రం అర్థమైంది. నేను ఊఁ అంటే ఆయన ఇక్కడే ఉండిపోతారు, ఆ మెట్ల మీద ఊపిరికి ఒక్కొక్క సాకు వెతుక్కుంటూ.

పదకొండో రోజు పొద్దున తువ్వాలు తీగ మీంచి తీస్తూ, "ఈ ఉక్కపోత నా వల్ల కావడం లేదండీ" అన్నాను.

"ఉడుకపోస్తందా నీకు? నువ్వు పుట్టిందే ఈడ గద."

"పుట్టినప్పుడు తెలియలేదు."

ఆయన నా మొహం వైపు చాలాసేపు చూశారు. అబద్ధం చెబితే నాకు ముక్కు ఎర్రబడుతుందని ఆయనకు తెలుసు. తువ్వాలు నా చేతిలోంచి తీసుకుని, తడిసిన అంచు పిండి, "మంచిది. జనగామ పోదాం" అన్నారు. బయలుదేరిన రోజు సంచీలు తమ్ముడు పట్టుకుని ముందు దిగాడు. వెనక మా వారు. నాలుగు మెట్లు దిగి ఆగారు. చెప్పు చూసుకోలేదు, చెట్టు చూడలేదు. "బామ్మర్దీ, జర దమ్ము తీస్కుంటా" అని గట్టిగా అన్నారు. కింద నుంచి మా తమ్ముడు, "తీసుకోండి బావగారూ, తొందరేం లేదు" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

జనగామలో మెట్లు లేని ఇల్లు దొరికింది. తువ్వాలు మీద పల్చటి దుమ్ము పడేది, ఒక దులుపుకు పోయేది. పొద్దున్నే ఆరి గలగలమనేది. చలికాలం చేలల్లో పత్తికట్టె కాల్చిన రోజుల్లో తలుపులు వేసుకునేవాళ్ళం. మూడు వానాకాలాలు గడిచాయి. మూడో చలికాలంలో ఆయన పోయారు. ఈ ఊరు ఆయన్ని బాగుచేసిందని అనను. ఎన్నాళ్ళు కలిపిందో ఏ డాక్టరూ చెప్పలేడు. ఈ మూడేళ్ళూ ఆయన ఆగిన ప్రతిచోటా ఎందుకు ఆగుతున్నారో చెప్పి ఆగారు, అంతవరకు నాకు తెలుసు.

సాయంత్రం అన్నట్టుగానే తమ్ముడు ఫోన్ చేశాడు. "ఏమంటావక్కా? కారు పంపనా?"

తీగ మీంచి తీసిన తువ్వాలు ఒళ్ళో ఉంది. మెల్లగా మడతపెడుతున్నాను. "ఒరే, జర దమ్ము తీసుకోనీరా" అన్నాను.

వాడు, "తీసుకో అక్కా" అన్నాడు.

ఆయన పక్కన ముప్పై నాలుగేళ్ళు నిలబడి ఒక్కసారీ అనని మాట, ఆయన పోయిన ఏడు నెలలకు నా నోట్లోంచి దానంతటదే వచ్చింది.