బ్లెస్సీ చెప్పిన పందేలు

నమ్మకపోతే మానేయండి. నాకు పోయేదేమీ లేదు. కానీ ఆ రాత్రి ఆ గదిలో ఉన్నది నేను... నా చెయ్యి ఆ పిల్ల నోటి మీదే ఉంది... ప్రభువు ఎదుట నిలబెట్టి అడిగినా ఇదే చెబుతాను.

మా అక్క కూతురు సునీత సౌదీలో, ఖమీస్ ముషైత్ అనే ఊళ్ళో నర్సు. అన్నీ నైట్ డ్యూటీలే. నాలుగేళ్ళ కూతురు బ్లెస్సీని చూసుకోవడానికి నన్ను విజిట్ వీసా మీద పిలిపించుకుంది. ఇంట్లో ఇంకో మనిషి కూడా ఉన్నాడు లెండి. సునీత మొగుడు ప్రకాష్. ఇంజినీరు.

ఆ ఇంజినీరు రాత్రయితే లాప్‌టాప్‌లో డబ్బు పెట్టి పేకాట ఆడేవాడు. ఈ దేశంలో అది హరామ్, అంటే నిషేధం. పట్టుబడితే ఉద్యోగమే కాదు, మనిషి కూడా దక్కడు. పోనీ పెద్ద ఆటా? అదీ కాదు. చిల్లర టేబుళ్ళు. టీ డబ్బుల ఆట. దానికి ఈయన చదివే చదువు మాత్రం డాక్టరు పరీక్షకి కూడా ఎవరూ చదవరు. చెవుల్లో ఇంగ్లీషు పాఠాలు, చేతిలో పెన్సిలు!

"ఇది జూదం కాదండీ అత్తయ్యగారూ, లెక్క," అనేవాడు. "మధ్యలో పడ్డ డబ్బుని బట్టి మనం ఎంత వెయ్యాలో ఉంటుంది. మూడో వంతా, సగమా, మొత్తమా... దాన్నే సైజింగ్ అంటారు. చిల్లర టేబుళ్ళలో బెదిరింపులు పనిచెయ్యవండి. మంచి ముక్క పడితే గట్టిగా కొట్టాలి. లేదంటే నోరు మూసుకుని ముక్కలు పారేయాలి."

"మరి తమరు పారేస్తారా అల్లుడుగారూ?"

"అప్పుడప్పుడూ..."

ఎన్నడూ పారేయలేదు. చెత్త ముక్కలు పట్టుకుని, ఒంటెలా మెడ ఎత్తుకుని, పందెం మీద పందెం. సునీత డ్యూటీకి వెళ్ళాక పిల్లని జోకొడుతూ కూడా అదే జపం. "మూడో వంతు... సగం... మొత్తం..." జోలపాట పాడాల్సిన నోరా అది!

ఆ రాత్రి బయట పొగమంచు. ఖమీస్ కొండల ఊరు. కిటికీ అవతల దీపం కూడా కనపడటం లేదు. వంటింట్లో గిన్నెలు సర్దుతున్నాను. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అత్తయ్యగారూ... సునీతకి చెప్పకండి. బ్లెస్సీ ఇఖామా ఫీజు... ఆటలో పెట్టేశాను."

పిల్ల ఈ దేశంలో ఉండాలంటే ఆ ఇఖామా కొత్తగా చేయించాలి. గడువు దగ్గర పడింది. కట్టకపోతే పిల్లని నాతో మా ఊరు నరసాపురం పంపెయ్యాలి. తల్లి ఇక్కడ, పిల్ల అక్కడ.

"ఏమన్నా మిగిలిందా?"

"కొంచెం ఉందండి. దాంతోనే లాగేస్తాను. సైజింగ్ తప్పింది, అంతే. ఇప్పుడు సరిచేసుకున్నాను."

సరిచేసుకున్నాడట! చెంప పగలగొడదామనిపించింది. అల్లుడైపోయాడు, ఏం చేస్తాం.

వెళ్ళి పిల్ల పక్కన పడుకున్నాను. తలుపు తీసే ఉంది. హాల్లో లాప్‌టాప్ వెలుగు... ఆయన గొణుగుడు...

బ్లెస్సీ నిద్రలో అంది. "సగం."

హాల్లోంచి వినపడింది. "సగం వేశాడు వీడు..."

తండ్రి జపం పిల్లకి అంటుకుందిలే అనుకున్నాను.

మళ్ళీ... "మూడో వంతు."

ఒక ఊపిరి తీసి వదిలానంతే. లాప్‌టాప్‌లో టక్‌మని చప్పుడు.

"మూడో వంతేనా? పిరికి వెధవ!" అంటున్నాడు ఆయన, అవతల ఆడేవాణ్ణి.

మాట ముందు... పందెం తర్వాత...

ఆ తర్వాతి మాట ఆయన చెవిన కూడా పడింది. లేచి వచ్చాడు. భయపడ్డాడు, పిల్లని ఎత్తుకుంటాడు అనుకున్నాను. లాప్‌టాప్ తెచ్చుకుని మంచం పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడండీ!

"అమ్మా బ్లెస్సీ... ఇప్పుడు ఎంత వేస్తాడమ్మా?"

"సిగ్గు లేదుటయ్యా నీకు?" గారూ లేదు, తమరూ లేదు, అన్నీ ఆ పూట పోయాయి. "నిద్రలో ఉన్న పసిపిల్లని అడుగుతావా?"

"అరవకండి, మీకు దణ్ణం పెడతాను. దాని కోసమే కదండీ ఆడుతున్నాను!"

పిల్ల చెబుతోంది. అవతలివాడు అంతే వేస్తున్నాడు. ఈయన పారేయాల్సినవి పారేస్తున్నాడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. పోయినదంతా మెల్లగా వెనక్కి వస్తోంది. ఆయన మొహంలో ఆ వెలుగు, ఆ నవ్వు... కోసి తెల్లకాగితం మీద అతికించినట్టు ఉంది.

అప్పుడు...

"మొత్తం... వాడి చేతిలో ఏమీ లేదు."

అది మా బ్లెస్సీ గొంతు కాదు. అంటే... గొంతు అదే. కానీ నిద్రమత్తు లేదు అందులో. నేను మెల్లగా చెయ్యి చాపాను. అరచేత్తో పిల్ల నోరు మూశాను. పెదాలు కలిసే ఉన్నాయి. వెచ్చటి ఊపిరి ముక్కులోంచి నా వేళ్ళ మీద పడుతోంది... నెమ్మదిగా... నిద్రపోయే పిల్ల ఊపిరి...

"ఏమీ లేదు," అంది మళ్ళీ.

నా చేతి కింద పెదాలు కదల్లేదు.

"ఏమయ్యా... పిల్ల నోరు మూసి ఉంది... నేనే మూశాను... చూడు..."

ఆయన తల ఎత్తలేదు.

"ష్! ఏమీ లేదంది కదా? మీరూ విన్నారు కదా?"

అవతలివాడు మొత్తం వేసేశాడు. ఈయనా మొత్తం నొక్కాడు. గెలిచాడు.

ఆ డబ్బు ఆయన చేతికొచ్చి, ఫీజు కట్టేదాకా నేను వదల్లేదు. వెంటపడ్డాను. ఇఖామా వచ్చింది. పిల్ల తల్లి దగ్గరే ఉంది. సునీత డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా దాని పక్కన వాలిపోతుంది.

ప్రార్థనకి వచ్చే ఒక అమ్మ అంది, తండ్రి రోజూ అనే మాటలే పిల్ల అని ఉంటుందని. సరేనమ్మా. మరి మూసిన నోటి సంగతి?

మళ్ళీ ఆ గొంతు వినపడలేదు. కానీ సునీత డ్యూటీకి వెళ్ళిన ప్రతి రాత్రీ ప్రకాష్ తలుపు మీద మెల్లగా తడతాడు.

"అత్తయ్యగారూ... ఏమన్నా అందా?"

"లేదు. పోయి పడుకో."

"మీరు నిద్రపోయి ఉంటారండి. ఒక్కసారి నన్ను లోపల కూర్చోనివ్వండి. చప్పుడు చెయ్యను."

గొళ్ళెం తియ్యను. ఆ మాట్లాడినది ఏమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. గొళ్ళెం వేస్తే అది బయట ఉండిపోతుందో, మాతో పాటు లోపలే ఉంటుందో, అదీ తెలియదు. అయినా వేస్తాను.